పాపక్క ఇంటి ఇల్లరికపుటల్లుడు

హోసూరు వైపు, తెలుగూ తమిళమూ కలిసే సీమలో, శూలగిరి కొండకు తూర్పున, రాగి చేలకూ మామిడి తోపులకూ నడుమ ఉండే చిన్న పల్లె పాపక్కది. ఆమె భర్త వీరప్ప తాతల నాటి పొలాన్ని దున్నుకునే రైతు. మాట తక్కువ, వక్క నమలడం ఎక్కువ. వాళ్లకు పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే వీరప్ప పెరటి వైపు చెయ్యి చూపించేవాడు.

"మా పిల్ల ఆడుండాది గదప్పా."

ఆ పిల్ల ఒక వేపచెట్టు. స్నానాల నీళ్లు పారే చోట తనంతట తానే మొలిచింది. ఇంకా మొలకగా ఉన్నప్పుడే పాపక్క దాని చుట్టూ ముళ్లకంప కట్టి, చిన్నమ్మి అని పేరు పెట్టింది. మేకలు రాకుండా కాపలా కాసింది. శుక్రవారం పూట దాని మొదలు దగ్గర పసుపు నీళ్లు పోసేది. చెట్టు ఎదిగి నీడ ఇవ్వడం మొదలుపెట్టాక, ఎండాకాలం మధ్యాహ్నాలు దాని కింద చాప పరుచుకుని పడుకునేది. ఆ నిద్రలో ఆమెకు కలలు వచ్చేవి.

కలలు అందరికీ వస్తాయి. పాపక్కకు కలలో చెట్లూ మొక్కలూ వచ్చేవి. తుమ్మి మొక్క తెల్ల పావడా కట్టుకున్న చిన్నపిల్లలా వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. ఉత్తరేణి, కొంగు పట్టుకుంటే వదలని ముసలమ్మలా వచ్చేది. తంగేడు పెళ్లింటి పేరంటాలిలా ఒళ్లంతా పచ్చగా వచ్చి కూర్చునేది. వాళ్లు చెప్పింది లేచేసరికి సగం కరిగిపోయేది. మిగిలిన సగం పట్టుకుని ఆమె కొండ వైపు నడిచేది. తుమ్మి ఏ బండ పక్కన ఉన్నానని చెప్పిందో ఆ బండ పక్కనే కనబడేది. ఆ ఆకు తెచ్చి జలుబుతో మూలుగుతున్న ఏ పిల్లకో రసం పిండి ఇచ్చేది.

ఈ దారి చూపించింది ఆమె అత్త కాళమ్మ. ఊళ్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే వేపమండలు పట్టుకుని వెళ్లి, వాళ్ల పక్కన కూర్చుని విసిరే మనిషి ఆమె. కొత్త కోడలిగా వచ్చిన పాపక్క ఒకనాడు పరాకుగా ఒక కొమ్మ విరిస్తే, కాళమ్మ ఆ చేతిని పట్టుకుంది.

"అడిగినావా?"

"ఎవరిని అత్తా?"

"దాన్నే. ఎవరన్నా మన ఇంట్లోకి వచ్చి అడక్కుండా బిడ్డను ఎత్తుకుపోతే మనం ఊరికే ఉంటామా?"

అప్పటినుంచి పాపక్క అడగకుండా ఏ ఆకూ కోయలేదు. మొక్కకు పసుపు దారం కట్టేది. తమలపాకు, వక్క పెట్టి, ఈ ఆకు ఎవరికి కావాలో, వాళ్ల కష్టమేమిటో వంగి చెప్పేది. వేరు కావాల్సి వస్తే ఇనుము తగలనీయకుండా చెక్క మొనతోనే తవ్వేది. అడిగాక కాసేపు ఊరుకునేది. గాలి లేకుండా ఆకు కదిలినా, గోడమీద బల్లి పలికినా సరేనని అర్థం. ఏదీ జరగకపోతే లేచి వచ్చేసేది.

తొంభైల మొదట్లో, ఒక ఆషాఢ మాసంలో, కుందారపల్లి నుంచి ముత్తప్ప అనే ఆయన ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. హైవే పక్కన ఆయనకు ఇల్లూ పొలమూ ఉన్నాయి, చింతపండు వ్యాపారం ఉంది. తెల్ల పంచె, భుజాన తుండు, ముఖంలో మాత్రం నిద్రలేనితనం. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, చెంబులోకే చూస్తూ చెప్పాడు.

"అక్కా, మా ఇంటి వెనక గోడలో రావి మొలిచింది. మొదట్లో చూసీ చూడనట్ల వదిలేసినాము. ఇప్పుడు నడుమెత్తు ఉండాది. గోడ బీటలిచ్చేసింది. పెరికేదానికి ఒక్క కూలోడూ చెయ్యి పెట్టడంలే. రావిని పెరికినోడి వంశం నిలవదంటారు గదా."

"అవునప్పా, అట్లంటారు."

"ఇంగొకటి." ఆయన గొంతు తగ్గింది. "ఆ గోడకి ఇవతల మా కోడలి గది. వినుత అని పేరు. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి అయినకాణ్నించి ఆ గోడ పక్కకి తిరిగి పడుకుంటాది. మాట లేదు. మా పిల్లోడు రఘునాథ్ హోసూరులో కంపెనీ పనికి పోతాడు, పొద్దు పోయినాక వస్తాడు. వాడితో కూడా మాట లేదు. ఇంట్లో ఆడోళ్లు అంతా ఆ రావి చేసిందే అంటా ఉండారు."

పాపక్క చెంబు అందుకుని పక్కన పెట్టింది.

"చెట్టును అడిగేదానికి వస్తానప్పా. బిడ్డల సంగతి నాకి తెలీదు. అది డాక్టరమ్మను అడగల్ల. ముందే చెప్తా ఉండాను."

మర్నాడు వీరప్పా ఆమే బస్సెక్కి కుందారపల్లి వెళ్లారు. ముత్తప్పది రాయీ మట్టీ కలిపి కట్టిన పాత ఇల్లు. వెనక గోడలో, రెండు రాళ్ల సందులోంచి రావి బయటికి వంగి, మళ్లీ పైకి లేచి నిలబడి ఉంది. లారీలు పోయినప్పుడల్లా దాని ఆకులు ఒకదాన్నొకటి తాకి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. పాపక్క దారం కట్టింది. పసుపు నీళ్లు చల్లింది. గోడకు చెవి ఆనించి ఏదో అడిగింది. తర్వాత అక్కడే, గోడ నీడలో, కొంగు తలకింద పెట్టుకుని పడుకుంది. ముత్తప్ప ఇంటివాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వీరప్ప వక్క నోట్లో వేసుకుని, "వస్తాది లెండి," అన్నాడు, ఆమె పక్కనే ఉన్నా ఎక్కడికో వెళ్లినట్టు.

నిద్రలో పాపక్కకు ఒక వీధి కనిపించింది. ఆ వీధిలో ఇళ్లకు గోడలే తప్ప పైకప్పులు లేవు. ఒక పిల్లవాడు, అప్పుడే మీసం మొలుస్తున్న వయసు, తడి జుట్టుతో గోడమీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు. వాడి కాళ్లు చాలా పొడుగు. అవి గోడ లోపలికి, నేల కిందికి, ఎవరో నిద్రపోతున్న మంచం దాకా పోతున్నాయి. "ఈడ్నించి వస్తావా నాయనా?" అని ఆమె అడిగింది. వాడు సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. "ఒక్కన్నే ఎట్ల వచ్చేది?" అన్నాడు.

ఆమె లేచి కూర్చుని ముఖం తుడుచుకుంది.

"వస్తానన్నాడు. పెండ్లాం కావల్లంట."

రావికి వేపతో పెళ్లి చేయడం మా వైపు కొత్తేమీ కాదు. కానీ పెళ్లికూతురు ఎవరు? వీరప్ప వక్క ఉమ్మేసి నెమ్మదిగా చెప్పాడు.

"మా ఇంట్లో పిల్ల ఉండాది. ఎదిగిన పిల్ల."

ముత్తప్పకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం వెలిగింది, వెంటనే చిన్నబోయింది.

"అయితే పిల్లను ఈడికి తెస్తారా?"

"యాడికి తెచ్చేదప్పా? వేరు దిగిపోయింది. పిల్లోడే రావల్ల."

"మా పిల్లోన్ని ఇల్లరికం పంపీమంటావా?" ముత్తప్ప నిజంగానే నొచ్చుకున్నాడు. "మా వంశంలో ఇల్లరికం పోయినోళ్లు లేరు."

పాపక్క నవ్వలేదు. "మా ఇంట్లో వానికి ఏ లోటూ రానియ్యమప్పా," అంది, నిజమైన పెళ్లికూతురి తల్లిలాగే. ముత్తప్ప ఇంట్లోకి వెళ్లి, భార్యతో మాట్లాడి, మళ్లీ బయటికి వచ్చి తల ఊపాడు.

రావిని వేళ్లతో సహా తీయాలంటే గోడ విప్పాలి. గడ్డపార పెట్టకూడదు. ముత్తప్పా, సెలవు పెట్టి ఇంట ఉన్న రఘునాథూ, వీరప్పా చెక్క మేకులతో మట్టి తవ్వుతూ ఒక్కో రాయినీ చేత్తో ఊడదీశారు. సన్నగా వాన మొదలైంది. గోడ తడిసి మెత్తబడింది. పని మధ్యలో, వేరు ఎంత దూరం పోయిందో చూద్దామని ముత్తప్ప ఒక పెద్ద రాయి లాగాడు. లోపలి గదిలోకి వెలుతురు పడింది.

మంచం మీద పడుకుని ఉన్న వినుత ముఖం మీద ఆ వెలుతురు పడింది. ఆమె కళ్లు చికిలించి చూసింది. గోడ ఉండాల్సిన చోట మామగారి చెయ్యి, దాని వెనక వాన, ఆ వానలో ఒక పచ్చటి ఆకు. ఆమె లేచి వచ్చి, ఎవరూ పిలవకుండానే, లోపలి వైపు నుంచి రాళ్లు తీయడం మొదలుపెట్టింది. రఘునాథ్ అవతలి నుంచి తీస్తున్నాడు. ఒక రాయిని ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు.

"నువ్వు వదులు, బరువుగా ఉండాది," అన్నాడు అతను.

"నాకి తెలుసు," అంది ఆమె. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో ఆమె గొంతు అప్పుడే వినపడింది.

రావి మొక్కను తడిగుడ్డలో చుట్టి, ఎడ్లబండిలో పాపక్క పల్లెకు తెచ్చారు. చిన్నమ్మి పక్కన, రేపు కొమ్మలు కలిసేంత దూరంలో నాటారు. ఊరి ఆడవాళ్లు హారతి ఇచ్చారు. కొత్త అల్లుడు దిగినంత సంబరం జరిగింది.

వారం తిరక్కుండానే అల్లుడు ఆకులన్నీ రాల్చేశాడు. ఎండిన పుల్లలా నిలబడ్డాడు. శ్రావణం పోయింది, భాద్రపదం పోయింది. కుందారపల్లిలో మాటలు పుట్టాయి. ముత్తప్ప అక్క అంగాళమ్మ గొంతు పెద్దది. మన ఇంటి లక్ష్మిని పెరికి ఎవరింటి పెరట్లోనో చంపినారని ఆమె వాకిట్లో నిలబడి అరిచింది. ముత్తప్ప కొన్నాళ్లు ఓర్చుకుని, చివరికి తానే చూసి వద్దామని వచ్చాడు. కోపంగానే వచ్చాడు.

పెరట్లో పాపక్క ఆ పుల్ల పక్కన పడుకుని ఉంది. తన పాత చీర ఒకదాన్ని చిన్నమ్మి కొమ్మకూ రావికీ కలిపి కట్టింది, పెళ్లిలో కొంగులు ముడివేసినట్టు. ఆమె కళ్లకింద గుంటలు పడ్డాయి. ముత్తప్ప కోపం సగంలో ఆగిపోయింది.

"ఏమంటా ఉండాడక్కా?"

"ఏమీ అనడంలేదప్పా. కల్లోకి రావడంలేదు. ఎవరూ రావడంలేదు. తుమ్మి లేదు, తంగేడు లేదు. పడుకుంటే నల్లగా ఉంటాది, అంతే."

ఆమె ఏడుస్తుందేమోనని ఆయన భయపడ్డాడు. ఆమె ఏడవలేదు. ముత్తప్ప కాసేపు కూర్చుని, బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే వినుత వచ్చింది. ఒక్కతే వచ్చింది. శూలగిరిలో బస్సు దిగి, చేల గట్ల మీద నడిచి, నడుమున ఒక బిందె పెట్టుకుని వచ్చింది. బిందెలో నీళ్లు లేవు. ఎర్రమట్టి ఉంది, అందులో సున్నం పెళ్లలు, గడ్డి పరకలు.

"ఏమ్మా ఇది?"

"గోడ మట్టి." ఆమె బిందె దించి, కొంగుతో చెమట తుడుచుకుంది. చెప్పాలా వద్దా అని తటపటాయించింది. "నిన్న మధ్యాహ్నం కన్ను మూతపడింది పెద్దమ్మా. ఒక పిల్లోడు మంచం కింద కూర్చోని ఉండాడు. తల తడిగా ఉండాది. నా గోడ యాడ అని అడిగినాడు. నాకి భయం కాలేదు. పాపం అనిపించింది. లేచి, మామ కొత్త గోడ కట్టేదానికి పక్కన పోసిన పాత మట్టి ఉంటే ఎత్తుకోని వచ్చినాను."

పాపక్క లోపలికి వెళ్లి చెక్క మొన తెచ్చింది. తర్వాత ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని, రావి మొదలు చుట్టూ నేల గుల్ల చేసి, ఆ మట్టిని పోసి చేత్తో ఒత్తారు. వినుత చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం పాపక్క సంగటి ముద్ద చేసి, అనపగింజల చారు పోసి పెట్టింది. వినుత రెండోసారి అడిగి పెట్టించుకుంది.

అప్పటినుంచి ఆమె వారానికోసారి బిందెతో వచ్చేది. కొన్నిసార్లు రఘునాథ్ మోటారు సైకిల్ మీద దింపేవాడు. దీపావళి దాటాక ఒక పొద్దున, పుల్ల కొసన రాగి రంగులో ఒక చిగురు కనబడింది. వేలి గోరంత ఉంది. వీరప్ప మొదట చూశాడు. ఆయన కేక వేయడం ఊరివాళ్లు విన్నది ఆ ఒక్కసారే.

పాపక్కకు కలలు కూడా తిరిగి వచ్చాయి. మునుపటంత తరచుగా కాదు. ఆమె దాని గురించి బాధపడలేదు. "ఇప్పుడు ఆ పిల్ల దగ్గరికి కూడా పోతా ఉండారు, ఇద్దరి దగ్గరికీ రావల్లంటే వాళ్లకి మాత్రం తీరికుండొద్దా," అనేది.

పెళ్లికి మాత్రం ఏళ్లు పట్టింది. రావి చిన్నమ్మి ఎత్తుకు రావాలి, కొమ్మలు కలవాలి. రెండు వేల ఒకటిలో గానీ ముహూర్తం కుదరలేదు. ముత్తప్ప కృష్ణగిరిలో కార్డులు అచ్చు వేయించాడు, ఒక పక్క తెలుగు, ఒక పక్క తమిళం. వరుడి పేరు అశ్వత్థరాజు, వధువు చి.ల.సౌ. చిన్నమ్మి. నాదస్వరం పెట్టించారు. వేపకు పట్టుచీర చుట్టారు, రావికి పంచె. పసుపు కొమ్ముతో తాళి కట్టించి, పాపక్కా వీరప్పా పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. అల్లుడి కాళ్లు కడిగినట్టు పాపక్క రావి మొదలు కడిగింది. అప్పగింతల పాట ఎవరో అందుకున్నారు. పంపించాల్సిన పిల్ల ఎక్కడికీ పోదని తెలిసినా, ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనున్న వాళ్లూ ఏడ్చారు.

మగపెళ్లివారు మగపెళ్లివారిలాగే నడుచుకున్నారు. అంగాళమ్మ పాయసంలో తీపి తక్కువైందని అలిగి, బతిమాలితే గానీ విస్తరి దగ్గరికి రాలేదు. ఆ ఏడు వానలు లేవు. బోర్లు ఎంత లోతు దించినా దుమ్మే వస్తోంది. పెళ్లి చేస్తే వాన పడుతుందని కొందరు అనుకున్నారు. ఆ రోజు పడలేదు, ఆ నెలా పడలేదు. ఎప్పుడో పడింది, అందరి చేలల్లో పడ్డట్టే.

అయితే ఆ పెళ్లితో ఒక చుట్టరికం ఏర్పడింది. మా వైపు వియ్యాలవారిని బీగులు అంటారు. ముత్తప్ప, పాపక్క ఆ రోజు నుంచి బీగులే. దాన్ని ఎవరూ ఆటగా తీసుకోలేదు. ఉగాదికి అటునుంచి బట్టలు వచ్చేవి, మామిడికాయల కాలంలో ఇటునుంచి బుట్టలు వెళ్లేవి. పెళ్లయ్యాక కొన్నేళ్లకు, ఊళ్లో అందరూ ఆ ఆశ మరిచిపోయిన తర్వాత, వినుతకు హోసూరులో ఒక ఆడపిల్ల పుట్టింది. నందిత అని పేరు పెట్టారు. అది రావి ఇచ్చిన బిడ్డేనని కుందారపల్లిలో చెప్పుకున్నారు. పాపక్కను అడిగితే, "నేను ముందే చెప్పినాను గదా, నాకి తెలీదని," అనేది.

వీరప్ప ఒక వేసవిలో, జ్వరం వచ్చిన మూడో రోజున, పెద్దగా బాధపడకుండానే పోయాడు. భర్త పోయిన ఆడమనిషికి పుట్టింటివారు చీర తేవాలి, అది పద్ధతి. పాపక్కకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. పదకొండో రోజు చీర ఎవరు పెడతారని వచ్చిన ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. పాపక్క ఆ మాటలు వింటూ తల వంచుకుని కూర్చుంది. అప్పుడు ముత్తప్ప, భార్యా, వెనకనే వినుతా లోపలికి వచ్చారు. ముత్తప్ప చేతిలో పళ్లెం, పళ్లెంలో ఆకుపచ్చ అంచు చీర.

"బీగులు తెస్తే చెల్లుతాదా?" ఎవరో ముసలామె అడిగింది.

"నేను బీగోడిగా తేలేదమ్మా," అన్నాడు ముత్తప్ప. "తమ్ముడిగా తెచ్చినాను. అక్కా అని పిలిచి ఎన్నేండ్లయింది."

పాపక్క తల ఎత్తి ఆయన్ని చూసి, చీర అందుకుని కళ్లకు అద్దుకుంది.

రఘునాథ్ అప్పటికే హోసూరులో ఇల్లు అద్దెకు తీసుకుని కాపురం పెట్టాడు. నందిత కొంచెం పెద్దయ్యాక వినుత ఊరి బయట గులాబీలు పెంచే షెడ్లలో పనికి కుదిరింది. ఒక ఏడు పాపక్కను కొన్నాళ్లు తమ దగ్గర ఉంచుకుందామని పిలుచుకుపోయారు. ఒకరోజు పొద్దున షేర్ ఆటోలో ఆమెను షెడ్డు చూపించడానికి తీసుకెళ్లింది వినుత.

ప్లాస్టిక్ కప్పు కింద వెలుతురు పాలలా ఉంది. కనుచూపు ఆనేంత దూరం గులాబీలే, ఎర్రవి, పసుపువి, ఒకే ఎత్తులో, బారులు తీరి. ఎక్కడా గాలి లేదు. పాపక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మయ్యో. ఇంతమందిని ఒకేసారి ఎట్ల అడిగేదే?"

"పొద్దున్నే వచ్చి అందరికీ కలిపి ఒకసారి చెప్తాను పెద్దమ్మా," అంది వినుత. "మనసులోనే. మా సూపర్‌వైజర్ నేను పాట పాడుకుంటానని అనుకుంటా ఉండాడు."

"ఏమని చెప్తావు?"

"ఈ పూలు ఎవరింటికి పోతాయో నాకి తెలీదు, ఎవరింటికి పోయినా మంచికే పోండి, అని."

పాపక్క ఆ మాటకు తల ఊపింది. తర్వాత ఆ బారుల మధ్య, చేతులు వెనక కట్టుకుని, దేన్నీ తాకకుండా, ఆ చివరి దాకా నడిచి వెళ్లి మళ్లీ వచ్చింది. ఇంటికి వచ్చి అన్నం తిని, కిటికీ పక్క మంచం మీద పడుకుని, సాయంత్రం దాకా లేవలేదు. వీధిలో కంపెనీ బస్సులు హారన్లు కొట్టినా లేవలేదు. లేచాక వినుత టీ ఇస్తూ అడిగింది.

"ఎవరన్నా వచ్చినారా పెద్దమ్మా?"

"ఎవరూ రాలేదు," అంది పాపక్క, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని. "బాగా నిద్ర పట్టింది."

సోమవారం ఆమె ఊరికి తిరిగి వెళ్లింది. కాడ విరిగినవి, అమ్మకానికి పనికిరానివి అని షెడ్డులో పక్కన పెట్టిన గులాబీలను వినుత ఒక పాత చీరలో మూటగట్టి ఇచ్చింది. పాపక్క బస్సులో ఆ మూట విప్పి, పక్కనున్న ఆమెకు ఒకటి ఇచ్చింది. ముందు సీటు ఆమె వెనక్కి తిరిగి చూస్తే ఆమెకు ఒకటి. కండక్టరు తన కూతురికని ఒకటి అడిగి తీసుకున్నాడు. శూలగిరిలో దిగేసరికి ఆ బస్సులోని ఆడవాళ్లలో పూలు లేని తల ఒక్క పాపక్కదే. ఖాళీ చీరను మడిచి చంకలో పెట్టుకుని, చేల గట్టు మీదుగా ఆమె నెమ్మదిగా నడిచి వెళ్లింది.